కూలీ మస్టరు అందరికీ, ఆఫీసరు జీతం కొందరికే

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశమంతటికీ ఆ పథకం మొదలైంది మన దగ్గరే. అదే ఏడాది సామాజిక తనిఖీలు కూడా ఈ జిల్లాలోనే పెద్ద ఎత్తున జరిగాయి. ఎవరు ఎన్ని రోజులు పనికి పోయారు, ఎవరికి ఎంత కూలి ముట్టింది అన్నది మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చేతిలో పట్టుకుని గ్రామసభలో పేరు పేరునా పైకి చదివారు. ఆ తర్వాత ఆ వివరాలన్నీ వెబ్‌సైట్‌కు ఎక్కాయి. జిల్లా, మండలం, పంచాయతీ ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే కూలీ పేరు, జాబ్ కార్డు నంబరు, పడిన కూలి ఎవరైనా చూసే వీలు ఇన్నేళ్లుగా ఉంది. గ్రామ సచివాలయం నోటీసు బోర్డు దగ్గరికి పోతే సంక్షేమ పథకాల లబ్ధిదారుల జాబితాలు కనిపిస్తాయి. నెలకు 4,000 రూపాయల పింఛను తీసుకునే అవ్వ పేరు దాచిపెట్టాలని ఎవరికీ అనిపించలేదు.

అదే ఖజానా నుంచి నెలకు రెండు లక్షలు తీసుకునే అధికారి జీతం ఎంతని అడగండి. "అది వ్యక్తిగత సమాచారం, ఇవ్వడానికి కుదరదు" అనే జవాబు రావడానికే ఎక్కువ అవకాశం ఉంది.

ఆ జవాబు చట్టానికి సరిపోదు. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు జనానికి చెప్పాలని సమాచార హక్కు చట్టం రాసి ఇరవై ఏళ్లయింది. అడిగితే ఇవ్వాలని మాత్రమే కాదు, ఎవరూ అడక్కముందే ప్రకటించాలని రాసింది. అయితే జీతం స్లిప్పులో ఉన్నదంతా బజార్లో పెట్టాలా అంటే, అక్కర్లేదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చాలామందికి స్పష్టంగా తెలియదు. కార్యాలయాలకూ తెలియదు, అర్జీ పెట్టేవాళ్లకూ తెలియదు. గొడవంతా అక్కడే మొదలవుతోంది.

చట్టం చెప్పింది, ఆఫీసు పెట్టింది

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ చట్టానికి పునాది కూడా కూలి లెక్కలే. 1990ల్లో రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే లాంటివాళ్లు కూలీలతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తరఫున మస్టర్లు చూపించమని అడిగారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల మీదా, పని చేయనివాళ్ల పేర్ల మీదా డబ్బులు డ్రా అయిన సంగతి అలా బయటపడింది. ప్రభుత్వం ఎవరికి ఎంత ఇచ్చిందో చూపించమన్న ఆ ప్రశ్న నుంచే దేశానికి ఈ చట్టం వచ్చింది.

అందులో సెక్షన్ 4(1)(బి) ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను ప్రకటించాల్సిన 17 అంశాలను చెబుతుంది. తొమ్మిదో అంశం అధికారుల, ఉద్యోగుల డైరెక్టరీ. పదో అంశం, ప్రతి అధికారికీ ప్రతి ఉద్యోగికీ నెలనెలా అందే వేతనం, అది నిర్ణయించే పద్ధతితో సహా. 'ప్రతి' అనే మాట చట్టంలోనే ఉంది. ఇంతకంటే ఎక్కువ జీతం వస్తేనే చెప్పాలి అనే పరిమితి ఏదీ లేదు. అటెండరు నుంచి శాఖాధిపతి దాకా అందరూ దీని కిందికి వస్తారు. చట్టం వచ్చిన 120 రోజుల్లో ప్రకటించాలి, ఏటా తాజాపరచాలి.

ఇక ఆఫీసుల్లో జరిగేది చూద్దాం. మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలా కార్యాలయాలకు సమాచార హక్కు కరదీపిక అని ఒక పుస్తకమో పీడీఎఫ్ ఫైలో ఉంటుంది. పదో అంశం దగ్గరికి పోతే నాలుగు కాలమ్‌ల పట్టిక వస్తుంది: క్రమ సంఖ్య, పేరు, హోదా, పే స్కేలు. ఆ చివరి కాలమ్‌లో "44,570–1,27,480" అని ఉంటుంది. ఇది 2022లో అమలైన పదకొండో పీఆర్సీ (వేతన సవరణ సంఘం) ప్రకారం స్కూల్ అసిస్టెంటు స్కేలు. ఈ రెండంకెల మధ్య తేడా దాదాపు మూడింతలు. ఉద్యోగంలో కొత్తగా చేరిన టీచరు మొదటి అంకె దగ్గర ఉంటారు, రిటైర్మెంట్‌కు దగ్గరపడినవాళ్లు రెండో అంకె వైపు ఉంటారు. స్కేలు చెప్పి జీతం చెప్పాం అంటే ఎలా ఒప్పుకుంటాం? చట్టం అడిగింది నెలకు అందే వేతనం. స్కేలు అనేది జీవోలో ఎటూ ఉంటుంది, దానికి కరదీపిక అక్కర్లేదు.

కొన్నిచోట్ల బదిలీ అయి వెళ్లిపోయినవాళ్ల పేర్లు, రిటైరైనవాళ్ల పేర్లు ఇంకా పట్టికలో కనబడతాయి. అంటే ఆ ఫైలు ఒకసారి తయారైంది, మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఇందులో పని భారం ఏమీ లేదు. ప్రతి నెలా జీతాల బిల్లు పెట్టే అధికారి (డీడీవో) లాగిన్‌లో పే బిల్లు తయారవుతుంది, ట్రెజరీకి పోతుంది, పాసవుతుంది. ఎవరి బేసిక్ (మూల వేతనం) ఎంత, ఎవరి గ్రాస్ (కటింగులకు ముందు మొత్తం జీతం) ఎంత అనేది అంకెతో సహా కంప్యూటర్‌లో ఉంది. రెండు కాలమ్‌లు తీసి ఏడాదికి ఒకసారి పైన పెట్టడానికి అరపూట చాలు.

స్లిప్పులో సగం మనది, సగం వాళ్లది

జీతం స్లిప్పును ఒకసారి దగ్గరగా చూద్దాం. ఎడమ పక్క వచ్చేవి, కుడి పక్క కటింగులు.

లెక్క తేలిగ్గా ఉండటానికి బేసిక్ లక్ష, డీఏ (కరువు భత్యం) 30 శాతం అనుకుందాం. డీఏ ధరలను బట్టి మారుతుంటుంది కాబట్టి ఇది ఉదాహరణకే. కర్నూలు, అనంతపురం, కడప నగరాల్లో 2022 నుంచి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 16 శాతం, గరిష్ఠంగా 17,000. అంటే లక్ష, దాని మీద ముప్పై వేలు, పదహారు వేలు, మొత్తం గ్రాస్ 1,46,000 రూపాయలు. ఖజానాకు పడే ఖర్చు ఇదే. జనం డబ్బులోంచి పోయేది కూడా ఇదే.

కుడి పక్కకు రండి. జీపీఎఫ్ (భవిష్య నిధి) లేదా సీపీఎస్ (పింఛను నిధి), ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), వృత్తి పన్ను 200, ఆదాయపు పన్ను, సొసైటీ లోను, ఇంటి అప్పు. ఒక్కోసారి కోర్టు ఉత్తర్వు మీద జీతంలోంచి కట్ అయ్యే భరణం. ఇవన్నీ పోగా చేతికొచ్చేది ఎనభయ్యో తొంభయ్యో వేలు కావొచ్చు. ఈ కుడి పక్కంతా ఆ మనిషి సొంత జీవితం. పిల్ల పెళ్లికి ఎంత అప్పు చేశాడు, ఇల్లు కట్టుకుంటున్నాడా, భార్యతో విడిపోయాడా, ముందుచూపుతో ఎంత దాచుకుంటున్నాడు అనేవన్నీ అక్కడ చదవొచ్చు. అది చూసే హక్కు పన్ను కట్టేవాడికి లేదు. ప్రభుత్వం ఇచ్చేదాకా అది ప్రజల లెక్క. ఇచ్చిన తర్వాత ఆ డబ్బు ఎటు పోయిందనేది ఉద్యోగి ఇంటి లెక్క.

గీత ఇక్కడే గీయాలి. గ్రాస్ ప్రకటించాలి, చేతికొచ్చే నెట్ ప్రకటించనక్కర్లేదు. పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, ఇంటి చిరునామా ఏ పరిస్థితిలోనూ బయటికి రాకూడదు. కూలీల విషయంలో మనం ఈ జాగ్రత్త తీసుకోలేదు, నిజమే. కాబట్టి ఉద్యోగుల విషయంలోనూ అక్కర్లేదు అని వాదించడం సరికాదు. కూలీల వివరాలు కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలని అడగడం న్యాయం.

ఇంకో సంగతి. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకు స్లిప్పులో కనబడని సౌకర్యాలు ఉంటాయి. బంగళా, కారు, డ్రైవరు, క్యాంపు ఆఫీసు, ఇంటి దగ్గర పనిచేసే అటెండర్లు. పదో అంశం వేతన నిర్ణయ పద్ధతిని కూడా చెప్పమంటుంది కాబట్టి వీటిని కూడా హోదా పక్కన రాయడమే సరైన పద్ధతి. క్వార్టర్స్‌లో ఉండే అధికారికి హెచ్‌ఆర్‌ఏ రాదు. ఆ సంగతి రాయకపోతే పక్క అధికారి కంటే తక్కువ తీసుకుంటున్నట్టు కనిపిస్తుంది.

జిల్లాలో పెద్ద జీతం ఎవరిది?

కలెక్టరుది అని ఎవరైనా ఠక్కున చెబుతారు. చాలాసార్లు అది నిజం కాదు.

ఐఏఎస్ అధికారికి తొమ్మిదేళ్ల సర్వీసు దగ్గర జూనియర్ అడ్మినిస్ట్రేటివ్ గ్రేడ్ వస్తుంది. ఏడో కేంద్ర వేతన సంఘం లెక్కలో దాని మొదటి బేసిక్ 78,800. మన జిల్లాలకు వచ్చే కలెక్టర్లలో చాలామంది ఆ సర్వీసుకు అటూఇటూగా ఉండేవాళ్లే. అదే సమయంలో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది, జేఎన్‌టీయూ ఉంది. కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. యూజీసీ స్కేలులో ప్రొఫెసరు బేసిక్ 1,44,200 దగ్గర మొదలై 2,18,200 దాకా పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ మాస్టర్ స్కేలు గరిష్ఠమే 1,79,000. అంటే ఒక సీనియర్ ప్రొఫెసరు బేసిక్, రాష్ట్ర స్కేలులో చిట్టచివరి మెట్టు మీద ఉన్న అధికారిని కూడా దాటగలదు. ఇందులో తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, పరిశోధన చేసి అక్కడికి చేరినవాళ్లకు అది ఇవ్వాల్సిందే. ఇబ్బంది ఎక్కడంటే, అదే విభాగంలో అదే సిలబస్ చెప్పే కాంట్రాక్టు అధ్యాపకుడికి, గంటల లెక్కన పనిచేసే గెస్టు అధ్యాపకుడికి ఎంత ఇస్తున్నారో ఆ పక్కనే కనబడదు. రెండూ ఒకే పట్టికలో వస్తే విశ్వవిద్యాలయం తన డబ్బు ఎట్లా ఖర్చు పెడుతోందో తల్లిదండ్రులకు అర్థమవుతుంది.

విద్యుత్ సంస్థల సంగతి ఇంకో రకం. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కోది. అక్కడి జీతాలు పీఆర్సీ కిందికి రావు. యాజమాన్యం, యూనియన్లు కూర్చుని చేసుకునే ఒప్పందాలతో స్కేళ్లు తేలుతాయి. కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లలోనూ అంతే. ఈ జీతాల ఖర్చు కరెంటు చార్జీల లెక్కలో భాగం. డిస్కమ్‌లు ఏటా విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టే ఆదాయ అవసరాల నివేదికలో ఉద్యోగుల ఖర్చు మొత్తంగా ఒక అంకె కనిపిస్తుంది. ఆ మండలి కార్యాలయం ఇప్పుడు కర్నూలులోనే ఉంది. బహిరంగ విచారణలో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కానీ మొత్తం తెలిసి, పంపకం తెలియకపోతే ఏమని అభ్యంతరం చెబుతాం? లైన్‌మన్‌కు పోతున్నదెంత, షిఫ్టు ఆపరేటరుగా పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి పోతున్నదెంత, పై హోదాలకు పోతున్నదెంత అన్నది హోదావారీగా చెబితేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

అన్నిటికంటే చీకట్లో ఉండేది స్కేలే లేనివాళ్ల చెల్లింపు. సలహాదారులు, కన్సల్టెంట్లు, రిటైరయ్యాక మళ్లీ తీసుకున్న అధికారులు, ఏజెన్సీ ద్వారా వచ్చిన నిపుణులు. వీళ్లకు ఎంత ఇవ్వాలో ఒక జీవోనో ఒక ఒప్పందమో నిర్ణయిస్తుంది. ఉద్యోగుల పట్టికలో వీళ్ల పేరే ఉండదు. 2021 ఆగస్టులో రాష్ట్రంలో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు. 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మధ్య కాలంలో ఎవరి గౌరవ వేతనం ఎంతో తెలుసుకోవడానికి సామాన్యుడికి తేలికైన దారి లేకుండా పోయింది. మామూలు ఉద్యోగి జీతం కనీసం స్కేలు చూసి అంచనా వేయొచ్చు. ఇక్కడ అంచనాకు కూడా ఆధారం ఉండదు. జీతాల ప్రకటన ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని నన్నడిగితే ఇక్కడి నుంచే అంటాను.

రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్ల విషయంలో ఈ చిక్కే లేదు. రాష్ట్రపతికి నెలకు 5 లక్షలు, భారత ప్రధాన న్యాయమూర్తికి 2,80,000, హైకోర్టు న్యాయమూర్తికి 2,25,000 అని చట్టంలోనే రాసి ఉంది. దానివల్ల వాళ్ల గౌరవానికి ఏ లోటూ రాలేదు.

లంచాలు దీంతో ఆగవు

మన వైపు పెళ్లి సంబంధాల్లో జీతమెంత అని అడిగి అక్కడితో ఊరుకోరు, పై సంపాదన ఎంత అని కూడా అడుగుతారు. అందుకే జీతాలు ప్రకటించాలి అనగానే, అసలు సంపాదన వేరే ఉంది కదా, ఇదెందుకు అంటారు. నిజమే, జీతం జాబితా లంచగొండిని పట్టివ్వదు. దానికి ఆస్తుల ప్రకటన, ఏసీబీ, లోకాయుక్త లాంటివి వేరే ఉన్నాయి. ఐఏఎస్ అధికారులు ఏటా జనవరి నెలాఖరులోపు స్థిరాస్తుల వివరాలు ఇవ్వాలి, అవి కేంద్ర సిబ్బంది శాఖ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. రాష్ట్ర ఉద్యోగులు కూడా తమ ఆస్తుల వివరాలు ఏటా ఇస్తారు, అవి ఫైళ్లలోనే ఉంటాయి. ఈ రెండు విషయాలను కలిపేయడం వల్ల రెండూ ముందుకు కదలట్లేదు. జీతాల జాబితా చేసే పని వేరు. చట్టబద్ధంగానే ఇచ్చే డబ్బు సబబుగా ఇస్తున్నారా లేదా అని చూపించడం దాని పని.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో బెల్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా మన జమ్మలమడుగంత కూడా లేదు, పేదలుండే ఊరు. 2010లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ పత్రిక అక్కడి సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లని బయటపెట్టింది. అంటే వాళ్ల దేశాధ్యక్షుడి జీతానికి దాదాపు రెట్టింపు. కౌన్సిల్ సభ్యులు కూడా లక్ష డాలర్లకు దగ్గర తీసుకుంటున్నారు. ఊరి జనం మున్సిపల్ ఆఫీసు ముందుకు వచ్చారు, రిజ్జో, కౌన్సిల్ సభ్యులు పదవులు వదులుకోవాల్సి వచ్చింది, చివరికి రిజ్జోకు 12 ఏళ్ల శిక్ష పడింది. ఆ తర్వాత కాలిఫోర్నియా అన్ని పట్టణాల జీతాలూ ఆన్‌లైన్‌లో పెట్టించింది.

దాని ఫలితాలు అన్నీ మంచివే కాదు. అప్పట్లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఆర్థికవేత్త అలెగ్జాండర్ మాస్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, జీతాలు బయటపెట్టాక సిటీ మేనేజర్ల జీతం సగటున 7 శాతం తగ్గిందని, ఉద్యోగం వదిలిపోయేవాళ్లు 75 శాతం పెరిగారని తేలింది. లెక్క తప్పిన జీతాలను ఏరి కాకుండా, జనం కోపానికి భయపడి పెద్ద జీతాలకు కోతపెట్టినట్టుందని ఆయన అభిప్రాయం. జిల్లా ఆసుపత్రిలో స్పెషలిస్టు డాక్టర్లు దొరక్క అల్లాడే మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. న్యూరో సర్జన్‌కు ఎక్కువ ఇస్తేనే బెంగళూరు, హైదరాబాద్ వదిలి కర్నూలుకు వస్తారు. అంకె ఒక్కటే పెట్టి, ఆ పోస్టుకు ఎందుకంత ఇవ్వాల్సి వస్తోందో రాయకపోతే జనం తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. కాబట్టి పట్టికలో హోదా, సర్వీసు, అర్హత కూడా ఉండాలి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1996లో చట్టం చేసి, ఏడాదికి లక్ష డాలర్లు దాటిన ప్రభుత్వ ఉద్యోగులందరి పేర్లూ ప్రకటిస్తోంది. ఆ లక్ష అనే గీత ఇంతవరకు మార్చలేదు. మొదట్లో కొన్ని వేల పేర్లుండేవి, ఇప్పుడు మూడు లక్షలు దాటాయి. నర్సులు, టీచర్లు, పోలీసులు అందరూ అందులోకి వచ్చేశారు. పెద్ద జీతాల జాబితా కాస్తా మామూలు ఉద్యోగుల జాబితా అయిపోయింది. మన దగ్గర కూడా ఎవరైనా నెలకు లక్ష దాటినవాళ్ల పేర్లు పెట్టాలంటే నేను ఒప్పుకోను. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిస్తే సీనియర్ టీచర్లు, హెడ్‌మాస్టర్లు అందరూ ఆ గీత దాటతారు. అసలు చూడాల్సిన పై వరసలు ఆ గుంపులో కలిసిపోతాయి. రూపాయల్లో కాకుండా హోదాలో గీత గీయాలి. జిల్లా స్థాయి అధికారులు, ఆపైవాళ్లు, విశ్వవిద్యాలయాల్లో, కార్పొరేషన్లలో, విద్యుత్ సంస్థల్లో అదే స్థాయి బేసిక్ ఉన్నవాళ్ల గ్రాస్ పేరుతో సహా పెట్టాలి. కిందివాళ్లవి చట్టం ప్రకారం ఎటూ ఇవ్వాల్సిందే. వాటిని హోదా పేరుతో, వ్యక్తి పేరు లేకుండా ఇచ్చినా మొదటి అడుగుగా నాకు అభ్యంతరం లేదు.

వ్యక్తిగత సమాచారం అనే గోడ

ఇప్పుడు అసలు చిక్కుముడి. సమాచార హక్కు చట్టంలోనే సెక్షన్ 8(1)(జె) ఉంది. ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, వ్యక్తి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అది చెప్పేది. 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగి మెమోలు, షోకాజ్ నోటీసులు, ఆస్తులు, ఐటీ రిటర్నులు వ్యక్తిగత సమాచారమే అంది. అప్పటి నుంచి ఉద్యోగి పేరు కనబడితే చాలు, ఆ తీర్పు పేరు చెప్పి తిప్పి పంపడం అలవాటైపోయింది. 2017లో పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సెక్షన్‌ను మార్చేసింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ప్రజా కార్యకలాపం, అనవసర భంగం లాంటి షరతులన్నీ ఎగిరిపోయాయి. వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే చాలు, ఇవ్వనక్కర్లేదు అన్నంత పొట్టిగా మిగిలింది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదనే వాక్యం కూడా పోయింది. కార్యాలయంలో సమాచారం ఇవ్వాల్సిన అధికారి (పీఐవో) చేతికి ఇది పెద్ద తాళం.

అయితే ఆ తాళం జీతాలకు పట్టదని నా వాదన. దానికి మూడు ఆధారాలున్నాయి. సెక్షన్ 4ను ఎవరూ ముట్టుకోలేదు, పదో అంశం అక్షరం మారకుండా అలాగే ఉంది. తానే ప్రకటించాల్సినదాన్ని, అడిగినప్పుడు వ్యక్తిగతం అనే అవకాశం కార్యాలయానికి లేదు. రెండోది, డేటా రక్షణ చట్టంలోనే సెక్షన్ 3 ప్రకారం, ఏదైనా చట్టం కింద ప్రకటించాల్సిన బాధ్యత వల్ల బహిరంగమైన వ్యక్తిగత డేటాకు ఆ చట్టం వర్తించదు. మూడోది, సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8(2) ఇంకా ఉంది. కలిగే నష్టం కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారాన్నీ ఇవ్వొచ్చని అది చెబుతుంది.

ఉద్యోగుల భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. డిజిటల్ అరెస్టు అని ఫోన్లు చేసి లక్షలు దోచుకునే కాలం ఇది. పేరు, ఫోన్ నంబరు, జీతం ఒకేచోట దొరికితే మోసగాడికి పని తేలికవుతుంది. నార్వే దీనికి ఒక మార్గం కనిపెట్టింది. అక్కడ పౌరులందరి ఆదాయపు పన్ను వివరాలు చూడొచ్చు, కానీ 2014 నుంచి ఎవరు చూశారో అవతలి మనిషికి తెలుస్తుంది. దాంతో ఉబుసుపోక వెతికేవాళ్లు బాగా తగ్గారు. ఫోన్ నంబరును జీతాల పట్టికలోంచి తీసేయడం, చూసేవాళ్లు తమ పేరుతో లాగిన్ కావాలనడం లాంటి జాగ్రత్తలు ఇక్కడా పెట్టుకోవచ్చు.

జీతం వివరాల కోసం అర్జీ పెట్టేవాళ్లందరూ కక్షతోనో కుతూహలంతోనో పెడతారనుకోవడం కూడా పొరపాటు. భర్త వదిలేసి, భరణం అడిగితే నాకొచ్చేది పదివేలే అంటే, ఆ ఆడమనిషికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసే భర్త జీతం తెలుసుకునే హక్కు భార్యకు ఉందని 2018లో మధ్యప్రదేశ్ హైకోర్టు చెప్పింది. గ్రాస్ జీతం ముందే బహిరంగంగా ఉంటే ఆమె కోర్టు దాకా పోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

అడిగే పద్ధతి

ఫలానా ఆయన జీతం స్లిప్పు ఇవ్వండి అని రాస్తే అర్జీ తిరిగొస్తుంది. స్లిప్పులో కటింగులు ఉంటాయి, ఆ ఉద్యోగికి సెక్షన్ 11 కింద నోటీసు పోతుంది, ఆయన వద్దంటారు, పీఐవో అదే రాసి పంపిస్తారు. వ్యక్తిని కాకుండా కార్యాలయాన్ని అడగాలి. "సెక్షన్ 4(1)(బి) పదో అంశం కింద మీ కార్యాలయం చివరిసారి ప్రకటించిన పట్టిక ప్రతి, దాన్ని తాజాపరిచిన తేదీ, గత మార్చి నెలలో ప్రతి అధికారికీ హోదావారీగా చెల్లించిన గ్రాస్ వేతనం ఇవ్వగలరు. కటింగులు, ఖాతా వివరాలు అక్కర్లేదు" అని తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కటింగులు వద్దని మీరే రాయడం వల్ల వ్యక్తిగతం అనే సాకుకు సగం చోటు పోతుంది. మిగతా సగానికి సెక్షన్ 10 ఉంది. ఇవ్వకూడని భాగం తీసేసి, ఇవ్వగలిగిన భాగం ఇవ్వాలని అది చెబుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, కుదరదని వచ్చినా, 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామంది ఇక్కడ ఒక్క తప్పు చేస్తారు. తమకు కాగితం ఇప్పించమని మాత్రమే కమిషన్‌ను అడుగుతారు. సెక్షన్ 19(8)(ఎ) ప్రకారం, ఆ సమాచారాన్ని బహిరంగంగా ప్రచురించమని కార్యాలయాన్ని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. సెక్షన్ 18 కింద మామూలు ఫిర్యాదు పెడితే ఈ ఆదేశం రాదు. సమాచారం ఇప్పించే అధికారం ఆ సెక్షన్ కింద లేదని, దానికి అప్పీలే దారి అని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సెక్షన్ 4 అమలును కమిషన్లు నిరంతరం పర్యవేక్షించాలని 2023 ఆగస్టులో అదే కోర్టు కిషన్ చంద్ జైన్ కేసులో ఆదేశించింది. ఈ రెండు తీర్పులనూ అప్పీలులో రాసి, "పదో అంశాన్ని స్కేలుతో కాకుండా అసలు గ్రాస్ వేతనంతో ప్రచురించేలా ఆదేశించగలరు" అని ప్రార్థన భాగంలో కోరండి. ఒక్క విశ్వవిద్యాలయం మీద, ఒక్క విద్యుత్ సర్కిల్ మీద అలాంటి ఆదేశం వచ్చినా, మిగతా కార్యాలయాలకు అర్జీ పెట్టేటప్పుడు దాని ప్రతిని జతచేయొచ్చు.